అక్క సంతకం చెప్పని మాట

పోదనూరు,
ఆదివారం.

అక్క ఆండాళుకు, నీ చెల్లెలు కస్తూరి కాళ్లకు మొక్కి రాసేది.

నేను బాగున్నాను. ఒంట్లో జ్వరం లేదు, దగ్గు లేదు, చేతికి పని ఉంది. నువ్వెలా ఉన్నావు? బావ మోకాలు ఎలా ఉంది? ఆయన మల్లెతోటలో వంగడం మానలేదని నాకు తెలుసు. మానమని నేను చెప్పినా వినడు కనుక, నూనె రాసి వేడినీళ్ల కాపడం పెట్టుకోమని మాత్రం చెప్పు. పూలు కోసే మనుషులు దొరుకుతున్నారా? గుడ్డి మేక ఈనిందా?

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. వీడియో ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు నా పెదాలు చూసి "సరి, సరి" అంటావు. పోయిన నెల నాకు జ్వరమని చెబితే "సరి, సంతోషం" అన్నావు. అప్పుడే అనుకున్నాను, నీతో ఇక కాగితం మీదే మాట్లాడాలని. మనం బడిలో చదివింది అరవమే అయినా, తాతయ్య మనిద్దరి చేతా పలక మీద దిద్దించిన తెలుగు ఊరికే పోకూడదు. తప్పులుంటే దిద్దుకుని చదువు. బావకు ఇచ్చి చదివించుకోకు. ఆయన సగం మింగేసి సగం చెబుతాడు.

ఆయన సగం చెప్పబట్టే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. రెండు నెలల కింద ఫోను చేసి, "మీ అక్క అన్నం తినకుండా కూసోనుండాది. ఆ కాయిదం మీద సంతకం పెట్టింది తానే గదా, దాంతోనే దుడ్లన్నీ పోయెనంట. బ్యాంకోల్లతో పెట్టుకోవద్దని నీకు చెప్పమనె. పోతే పోనీ అనె" అన్నాడు. ఆ రోజు నేను ఆయనకు జవాబు చెప్పలేదు. చెప్పడానికి అప్పటికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. కానీ వరసగా చెబుతాను, నువ్వు ముందే చివరి పేజీ తిప్పి చూడకు.

ముందు ఇక్కడి సంగతులు. నేను ఈ ఊరు వచ్చి ఎనిమిది నెలలు దాటింది. సింగానల్లూరు వర్క్‌షాపులో నన్ను ఇప్పుడు పంపుసెట్టు మోటార్ల వైండింగుకే పూర్తిగా వేశారు. రాగి తీగ చుట్టి గాడుల్లో దించడం, కాగితం దూర్చడం, చివరలు కట్టడం. మా ఆయన పోయాక మన ఊళ్లో ఒక్కరైనా నా దగ్గరికి మోటారు తెచ్చారా? ఆయన ఉన్నప్పుడు కూడా సగం మోటార్లు చుట్టింది నేనే. అయినా ఆడదాని చెయ్యి పడితే కాలిపోతుందన్నారు. ఇక్కడ యజమాని ఒక ఖాళీ మోటారు ముందు పెట్టి "చుట్టు చూద్దాం" అన్నాడు. చుట్టాను. మర్నాడు రమ్మన్నాడు. అంతే. ఇప్పుడు నా బల్ల దగ్గర నుంచి పోయిన మోటారు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ మాట మన ఊరి చావిట్లో బావ చేత చెప్పించు.

ఇక్కడ ఎండ మన మదురై ఎండ కాదు. సాయంత్రమైతే పాలక్కాడు వైపు నుంచి గాలి వీస్తుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చెంగు తలమీద కప్పుకోవాలి. నీళ్లు తియ్యగా ఉంటాయి. అన్నమే మొదట్లో సరిపడలేదు. ఒక్కదానికి వండుకోవడం ఎంత చిన్న పని అనుకుంటావు గానీ, పిడికెడు బియ్యానికి కుండ పెడితే ఏడుపు వస్తుంది. మొదటి రెండు నెలలు అదే ఏడుపు. ఇప్పుడు ఇంటి ఓనరమ్మ కింద నుంచి పిలుస్తుంది, ఇద్దరం ఆమె వంటింట్లోనే తింటాం.

ఆమె పేరు ఎస్తేరమ్మ. పోదనూరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. వాళ్ల తాతలు రైలు పట్టాలు వేయడానికి కోస్తా నుంచి వచ్చిన తెలుగువాళ్లు. ఆమె తెలుగు విని నేను మొదట నవ్వాను, నా తెలుగు విని ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది. రైల్వేలో పార్సెళ్లు పోయినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చే ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైంది. ఈ కథలో ఆమె లేకపోతే నేను లేను.

ఇక మన సంగతికి వస్తాను.

నువ్వు ఇక్కడికి వచ్చిన రెండు రోజులు గుర్తున్నాయి కదా. గాంధీపురంలో ఆ చెవి మిషన్ల దుకాణం, చల్లటి ఏసీ గది, నీ తలకు పెద్ద హెడ్‌ఫోను పెట్టి గాజు వెనక కూర్చోబెట్టిన అమ్మాయి. ఇరవై రెండేళ్లు మిల్లులో కదురుల మధ్య నిలబడితే చెవులు ఇలాగే పోతాయని ఆమె గీతలు గీసి చూపించింది. తరువాత ఒక మిషను తెచ్చి, అమ్మడానికి కాదు, వినిపించడానికని నీ కుడిచెవిలో పెట్టింది. నేను నీ వెనక నిలబడి మామూలు గొంతుతో "అక్కా" అన్నాను. నువ్వు తిరిగి చూశావు. అక్కా, పదేళ్లలో నేను వెనక నుంచి పిలిస్తే నువ్వు తిరగడం అదే మొదటిసారి. ఇక ధర అడగలేదు నేను. అడిగినా ఆగేదాన్ని కాదు. జీతం ఖాతాతో బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు తీసి మొత్తం కట్టేశాను. నా నాలుగు నెలల జీతం. నీ రెండు చెవుల్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీశారు, ఆ అచ్చుకు సరిపోయేలా మిషన్లు చేసి మూడు వారాల్లో ఇస్తామన్నారు. లోపల నుంచి ఒక అబ్బాయి ఇంగ్లీషు కాగితం తెచ్చి, "ఇక్కడ అమ్మ సంతకం" అన్నాడు. నువ్వు నా వంక చూశావు. నేను "పెట్టు అక్కా" అన్నాను.

ఆ మాట గుర్తుంచుకో. పెట్టమన్నది నేను.

మూడు వారాలు అయ్యాయి. ఫోను చేస్తే వచ్చే వారం అన్నారు. మిషన్లు తయారవుతున్నాయని అంతకుముందే నా ఫోనుకు మెసేజ్ కూడా పంపి ఉన్నారు. ఇంకో వారం, ఇంకో వారం. తరువాత ఫోను ఎత్తడం మానేశారు. ఒక శనివారం సగం పూట సెలవు పెట్టి వెళ్లాను. షట్టరు దించి ఉంది, కంపెనీ దివాలా తీసి అన్ని ఊళ్లలోనూ దుకాణాలు మూసేసిందని కాగితం అంటించి ఉంది. మెట్ల మీద ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఒక రిటైరైన బడి పంతులుగారు మాత్రం షట్టరును చేతికర్రతో కొడుతున్నారు. ఆయనకు కొట్టిన చప్పుడు వినబడటం లేదు. అందుకే గట్టిగా, ఇంకా గట్టిగా కొడుతున్నారు. అది చూడలేకపోయాను.

బ్యాంకు నంబరుకు ఫోను చేశాను. అటునుంచి ఒక అమ్మాయి, "మేడం, మీరే కార్డు ఇచ్చి మీరే పిన్ నొక్కారు. కంపెనీ మూసేస్తే అది మీకూ కంపెనీకీ మధ్య విషయం" అంది. యజమానికి చెబితే "విడిచిపెట్టు కస్తూరీ, ఏనుగులే మునిగే గుంటలో నీ కాలెంత" అన్నాడు. అందరూ విడిచిపెట్టమనే చెప్పేవాళ్లే. విడిచిపెట్టడం ఎంత సులువో వాళ్లందరికీ బాగా తెలుసు, ఎందుకంటే పోయింది వాళ్లది కాదు.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ వంటింట్లో కూర్చుని చెప్పుకున్నాను. ఆమె అంతా విని అడిగింది ఒక్కటే.

"నోట్లిచ్చావా, కార్డిచ్చావా?"

"కార్డే."

"అయితే ఏడుపు ఆపు. నోట్లిచ్చుంటే నేనూ నీతో కూచుని ఏడ్చేదాన్ని."

అప్పుడు చెప్పింది. కార్డు మీద కొన్న సరుకు రాకపోతే, అమ్మినవాడు దివాలా తీసి పారిపోయినా సరే, మన బ్యాంకు అమ్మినవాడి బ్యాంకును అడిగి ఆ డబ్బు వెనక్కి తెప్పించే పద్ధతి ఉందట. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. అడగాలి. గడువు లోపల అడగాలి. రాసి అడగాలి. "ఫోనులో అడిగితే గాలికి పోద్ది. ఏం కొన్నావు, ఎప్పుడిస్తామన్నారు, ఏం రాలేదు. మూడే ముక్కలు రాయి. ఒక్కో ముక్క వెనకాల ఒక్కో కాగితం పెట్టు. ఏడుపు రాయొద్దు, తిట్టు రాయొద్దు" అంది. రైల్వేలో ఆమె దగ్గరికి వచ్చిన అర్జీల్లో సగం తిట్ల వల్లే ఆలస్యమయ్యేవట.

మూడిటికీ కాగితాలు కావాలి. కొన్న రసీదు నా దగ్గర ఉంది. షట్టరు మీది కాగితం ఫొటో ఉంది. ఎప్పుడిస్తామన్నారో రాసిన ఆర్డరు చీటీ మాత్రం నా దగ్గర లేదు. అది నీ సంచిలో పెట్టారు. బావకు ఫోను చేశాను. ఏదో కాగితం వెతుకుతున్నాడని నువ్వు ఆయన వెనకే తిరిగావట, ఎందుకో ఆయన నీకు చెప్పలేదు. కరెంటు బిల్లులు గుచ్చే ఇనప తీగకు, ఎరువుల కొట్టు చీటీ కింద, ఆ ఆర్డరు చీటీ చిరగకుండా ఉంది, ఫొటో తీసి పంపాడు. నువ్వు ఏ కాగితమూ పారెయ్యవని మనవాళ్లు ఎంత వెక్కిరించారు. వాళ్లకు ఇది కూడా చెప్పు.

అర్జీ పంపాం. ఒక నెల గడిచింది. తరువాత బ్యాంకు జవాబు వచ్చింది. సరుకు కొన్నవారికి అందిందని, అందుకున్నట్టు సంతకం ఉందని, కేసు ముగించామని రాశారు. కింద నువ్వు పెట్టిన సంతకం కాపీ. ఆ ఇంగ్లీషు కాగితం అదే. అందులో "మిషను అందుకున్నాను" అని ఉంది.

పిచ్చిదాన్ని, ఆ సంగతి బావకు చెప్పేశాను. ఆయన నీకు చెప్పాడు. నువ్వు అన్నం మానేశావు.

ఇప్పుడు నా జవాబు విను. మన ఇద్దరిలో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. చదవకుండా నీ చేతికి కలం ఇచ్చింది నేను. నీ చెవిలో ఆ ముద్ద ఇంకా తడిగా ఉంది, నువ్వు నవ్వుతూ ఉన్నావు, ఆ నవ్వు చూస్తూ నేను కాగితం చూడలేదు. తప్పంటూ ఉంటే అది నాది. దాని పైన, నమ్మి వచ్చినవాళ్ల చేత అలాంటి కాగితం మీద సంతకం పెట్టించిన వాళ్లది. నీది మాత్రం కాదు. ఇంకోసారి నీదని అన్నావంటే నేను మన ఇంటికి రాను.

ఆ జవాబు ఎస్తేరమ్మ చేతిలో పెట్టాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తరువాత వేలు సంతకం పక్కన పెట్టి, "ఇది ఏ రోజు?" అంది.

నేను చూశాను. అచ్చు తీసిన రోజే.

"అచ్చు తీసిన రోజే చెవిలో పెట్టే మిషనొచ్చేసిందా? కుమ్మరోడు మట్టి తొక్కిన రోజే కుండలో అన్నం వండావా?"

అప్పటికి నా బుర్ర వెలిగింది. ఫోను తీసి మెసేజ్ వెతికాను. మీ మిషన్లు తయారవుతున్నాయని వాళ్లే పంపిన మెసేజ్, సంతకం పెట్టిన పదహారు రోజుల తరువాతది. ఆ రోజే అందుకున్న వస్తువు పదహారు రోజుల తరువాత ఎలా తయారవుతుంది? అక్కా, నీ సంతకం నీ చెవులు కొలిచారని మాత్రమే చెబుతోంది. మిగిలిన మాట దాని నెత్తిన వాళ్లు రాసుకున్నది.

ఈసారి మెయిలు పంపి ఊరుకోలేదు. ఒక రోజు జీతం పోయినా పోనీ అని ఇద్దరం బ్రాంచికి వెళ్లాం. ఎస్తేరమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టింది. మేనేజరు మన పక్కింటి కుర్రాడు మురుగేశు వయసువాడు, మంచి మనిషిలాగే ఉన్నాడు. అరవంలో, "అమ్మా, కస్టమరు సంతకం ఉంది. సిస్టంలో కేసు మూసేశారు, నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

నేను కాగితం ఆయన ముందుకు జరిపాను.

"సంతకం తేదీ చదవండి సార్."

చదివాడు.

"మిషన్లు తయారవుతున్నాయని వాళ్లు పంపిన మెసేజ్ తేదీ కూడా చదవండి."

అదీ చదివాడు.

"మా అక్క ఇరవై రెండేళ్లు మిల్లులో చెవులు పోగొట్టుకుంది సార్. మిమ్మల్ని దానం అడగడం లేదు. అందని వస్తువు అందిందని రాసిన కాగితాన్ని మీ బ్యాంకు నమ్మింది. నమ్మడం తప్పని పైవాళ్లకు రాయండి. మా అర్జీ తీసుకున్నట్టు సీలు వేసి ఇవ్వండి."

"సీలు ఇప్పుడు వెయ్యడం లేదమ్మా, అంతా ఆన్‌లైన్."

అప్పుడు ఎస్తేరమ్మ నోరు విప్పింది. "ఆన్‌లైనూ పంపాం తంబీ. సీలు కూడా వెయ్యి. నేను ముప్పై ఏళ్లు సీళ్లు వేసినదాన్ని, ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. నువ్వు వెయ్యకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదు తీసుకునే అంబుడ్స్‌మన్‌కి రాస్తాం. అందులో నువ్వు సీలు వెయ్యలేదనీ రాస్తాం."

ఆయన లోపలికి వెళ్లాడు. భోజనాల వేళ అయింది. గుమాస్తా వచ్చి తరువాత రమ్మన్నాడు. మేమూ అన్నం తెచ్చుకున్నామని చెప్పి అక్కడే బల్ల మీద డబ్బా విప్పాం. నిమ్మకాయ అన్నం, వేయించిన మిరపకాయలు. బ్యాంకు నిండా పోపు వాసన. మూడు గంటలకు సీలు పడింది. మేనేజరు తానే బయటికి వచ్చి కాగితం ఇస్తూ, "నేను కూడా ఒక నోటు రాసి పంపానమ్మా" అన్నాడు. ఆ మాట నిజమేనని తరువాత తెలిసింది.

మొన్న గురువారం వర్క్‌షాపులో చేతికి తీగ చుట్టుకుని ఉండగా ఫోను మోగింది. మెసేజ్. మొత్తం డబ్బు కార్డులోకి వెనక్కి వచ్చింది అక్కా. ఒక్క రూపాయి తగ్గకుండా. నేను తీగ విప్పుకుని లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చుని ఆ కాయిలే చుట్టాను. యజమాని వచ్చి ఏమిటని అడిగితే చూపించాను. ఏనుగుల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంకా అయిపోలేదు. ఆ మెట్ల మీద కలిసిన సూలూరు శాంతి కూడా కార్డు మీదే కట్టింది. ఆమెకూ ఇంకో ఇద్దరికీ ఆదివారాలు ఎస్తేరమ్మ వసారాలో అర్జీలు రాస్తున్నాం. ఇప్పుడు కూడా ఒకటి పూర్తి చేసి, ఆ కలంతోనే నీకు రాస్తున్నాను. పంతులుగారు మాత్రం నోట్లు ఇచ్చారు. ఆయనకు ఈ దారి లేదు, వినియోగదారుల కోర్టుకు వెళ్లాలి. దానికీ రాసిచ్చాం. వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా అడగకుండా ఊరుకోనని ఆయన మెట్లదాకా వినబడేలా అరిచి చెప్పారు.

ఇక నీ పని. వచ్చే నెల రెండో శనివారం నేను బస్సుకు మదురై వస్తున్నాను. అక్కడి ఆసుపత్రిలో చెవి డాక్టరును ఫోనులో అడిగాను. మిషను వారం రోజులు ఇంటికి ఇచ్చి, సరిపోతేనే డబ్బు తీసుకుంటారట. నువ్వూ బావా పొద్దున్నే బస్టాండుకు రండి. ఇక్కడ గీతలు గీసి ఇచ్చిన పరీక్ష కాగితం తే. వచ్చేటప్పుడు ఉల్లి వడియాలు కొంచెం ఎక్కువ తే, సగం ఎస్తేరమ్మకు. అటుకుల ఉండలు చెయ్యకు, మోకాళ్లు పట్టుకుని కూర్చుని శ్రమపడకు.

నా గురించి బెంగ వద్దు. ఒక్కదాన్ని ఉన్నానని అనుకోకు. కుండ ఇప్పుడు ఇద్దరికి పెడుతున్నాం.

వెంకటేశు మామకు, పక్కింటి పాపమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నువ్వు చెయ్యెత్తి దీవించు, నాకు అది చాలు.

రాయాలా వద్దా అనుకుంటూనే ఇంకొక్కటి రాస్తున్నాను. బావ మేనత్త రంగమ్మ, నీ ముందే, "యాభై దాటినాక ఆడదానికి ఇంకేంది ఇనేది" అంటూ ఉంటుందట. బావే నాకు చెప్పాడు. నీకు వినబడలేదు కనుక ఇన్నాళ్లూ ఊరుకున్నావు. ఇప్పుడు చదివావు కదా, ఇక ఊరుకోకు.

నీ చెల్లెలు,
కస్తూరి